సేట్ కుర్చీ, బాపు నిద్ర

మోచేతి దాకా చెయ్యి కుర్చీ కడుపులోకి పెట్టి వెతుకుతున్నాను. కుర్చీ బల్ల మీద తలకిందులుగా ఉంది, నాలుగు కాళ్ళూ గాల్లోకి. అడుగున కొట్టిన గోనెపట్టా చిరిగి వేలాడుతోంది. దాని వెనక నుంచి కొబ్బరి పీచు వచ్చింది, ఏ కాలంలోనో ఎలుక దాచుకున్న పల్లికాయ పొట్టు వచ్చింది, ఒక చొక్కా గుండీ వచ్చింది, ముక్కులోకి ఇంత దుమ్ము వచ్చింది. నాకు కావలసింది మాత్రం చేతికి తగలడం లేదు. అటువైపు నుంచి హేతల్‌బెన్ వంగి చూసి, ఏంటి రజితా, బంగారం దొరికిందా అని హిందీలో నవ్వింది. ఒక తోలు పట్టీ ఉండాలి బెన్, నవారు తెగిన చోట మా నాన్న కట్టాడు అన్నాను. ఈ కుర్చీకి మీ నాన్న ఎందుకు కడతాడు అందామె. నిజమే కదా, ఎందుకు కడతాడు. చెయ్యి బయటికి తీశాను. నవారు మొత్తం మొదట అల్లినప్పటిదే, రెండు చోట్ల చీకిపోయింది గానీ ఎవరూ ముడి వేయలేదు. అంటే ఇది మా కుర్చీ కాదు.

కాదని తెలిశాక కూడా దాని పక్క నుంచి కదలబుద్ధి కాలేదు. అచ్చు అదే మరి. కింద సన్నగా, బయటికి తన్నుకున్న టేకు కాళ్ళు, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి పారిపోయేటట్టు. వెనక్కి వాలిన వీపు. చేతులు పెట్టుకునే కట్టెలు చివరకు వచ్చేసరికి అట్లకాడలాగా వెడల్పయి ఉంటాయి, అక్కడ టీ గ్లాసు పెడితే ఒలకదు. ఇక్కడ సూరత్‌లో, ఆల్థాన్‌లో హేతల్‌బెన్‌కు ఇలాంటి కుర్చీలు బాగుచేసే కార్ఖానా ఉంది. పాత ఇళ్ళల్లో, మూతపడ్డ ఆఫీసుల్లో మూలన పడి ఉన్నవాటిని తెచ్చి, చెక్క గీకి, పాలిష్ పట్టి, నవారూ స్ప్రింగులూ కొత్తవి వేసి, బట్ట మార్చి, ఇష్టంగా పోగుచేసుకునేవాళ్ళకు అమ్ముతుంది. బట్ట కుట్టే పని నాది. ఆమె వీటిని మిడ్ సెంచరీ అంటుంది. నేను మొదట్లో అది కంపెనీ పేరనుకున్నాను. దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో వచ్చిన తరహా కుర్చీలని తర్వాత చెప్పింది. కొన్నవాళ్ళు వీటిలో కూర్చోరట. అదొకటి మా బాపుకు, అంటే నాన్నకు, చెప్పి చాలా ఇబ్బంది పడ్డాను. "కుర్సీల కూసోకుంట ఏం జేస్తరే?" అన్నాడు. సూస్తరట బాపూ అన్నాను. "సూసి?" అన్నాడు.

మా కుర్చీ పేరు సేట్ కుర్చీ. అది వచ్చినప్పుడు మేం లింబాయత్‌లో ఒక గల్లీలో ఒకే ఒక గదిలో ఉండేవాళ్ళం. అమ్మ, బాపు, నేను, తమ్ముడు ప్రవీణ్. గోడకు అవతల సాంచాలు. పవర్‌లూమ్ మగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చినవాళ్ళలో సాంచాల మీద పని చేయని మగవాళ్ళు ఆ గల్లీలో లేరనే చెప్పాలి. బాపు రాత్రి పాళీ. పొద్దున వచ్చేసరికి ఆయన కనుబొమ్మల మీద, చెవుల మీది వెంట్రుకల మీద తెల్లగా నూగు ఉండేది, ఒక్క రాత్రికే ముసలాయన అయిపోయినట్టు. మెషిన్ నూనె వాసన, గంజి వాసన, చెమట వాసన కలిసి ఒక వాసన. ఇప్పటికీ నాకు నాన్న అంటే ఆ వాసనే. కాళ్ళు కడుక్కుని, రాత్రి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాడు. తిన్నాక పడుకోవాలి. ఎక్కడ పడుకోవాలి?

నేల పగలంతా చీరలది. మార్కెట్ నుంచి ఎంబ్రాయిడరీ చీరలు మూటలుగా వచ్చేవి, వాటి వెనకవైపు దారాలు వేలాడుతుంటాయి, అవి కత్తిరించి ఇవ్వాలి. అమ్మ గోడ నుంచి గోడకు చీరలు పరిచి, మధ్యలో కూర్చుని, చిన్న కత్తెరతో కట్ కట్ కట్ అని కత్తిరిస్తూ ఉండేది. వాటి మీద కాలు పడితే మరకవుతుంది, మరకయితే వెనక్కొస్తుంది. అందుకని నేనూ తమ్ముడూ గదిలో నడవాలంటే గోడను అంటిపెట్టుకుని బల్లుల్లా నడిచేవాళ్ళం. బాపు ఆ మూల గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు మడుచుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మెడ పట్టేసేది. లేచాక తల ఒక పక్కకే ఉండేది, అట్లాగే మళ్ళీ పనికి పోయేవాడు.

ఒకసారి వాళ్ళ కార్ఖానా సేట్ చక్రాల కుర్చీ కొనుక్కున్నాడు. పాత కుర్చీ సాంచాల మధ్య పడేసి, దాని మీద దారపు కోన్‌లు పెట్టడం మొదలుపెట్టారు. సీటు కింద నవారు తెగి కూర్చుంటే నేలకు తగిలేదట. బాపు అడిగాడు, సేట్ తీస్కపో అన్నాడు. బాపు దాన్ని తల మీద బోర్లించుకుని గల్లీలోకి వచ్చిన దృశ్యం నాకు బాగా గుర్తుంది. ముఖం కనపడ్డం లేదు, కాళ్ళు నాలుగు పైకి, కాళ్ళు రెండు కిందికి. ఎదురింటి లచ్చవ్వ పెద్దమ్మ పళ్ళు తోముకుంటూ, "ఏంది రాజేశం, సేట్‌వైనవా? మా ఆయనకు పగార్ ఎప్పుడిస్తవ్?" అని అడిగితే గల్లీ గల్లీ నవ్వింది. కుర్చీ లోపల నుంచి బాపు గొంతు, "ముందుగాల నిద్ర వోనియ్యి వదినె, లేసినంక ఇస్త" అంది. ఆ రోజే సాంచా నుంచి ఊడిన పాత తోలు పట్టీ ఒకటి తెచ్చాడు. పోగును మోసుకెళ్ళే నాడెను అటూ ఇటూ విసిరికొట్టే కట్టెకు ఉంటుంది చూడండి, ఆ పట్టీ. అది తెగిన నవారు స్థానంలో లాగి బిగించి కట్టాడు. అమ్మ పాత బొంత మడతపెట్టి సీటు మీద వేసింది. అప్పటి నుంచి సూరత్‌లో మా బాపు మంచం అదే.

ఎంత హాయిగా పడుకునేవాడో. తల ఎడమ పక్కకు వాలేది, చెయ్యి ఆ అట్లకాడ చివరను పట్టుకుని ఉండేది, నోరు కొంచెం తెరుచుకునేది. చుట్టూ లోకం మొత్తం మోగుతూ ఉండేది. గోడ అవతల సాంచాలు ఖటాఖట్ ఖటాఖట్, అమ్మ కత్తెర, గల్లీలో నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఆడవాళ్ళ కొట్లాట, ఎందుకో మా తమ్ముడి ఏడుపు. బాపు కదిలేవాడు కాదు. ఇప్పుడు ఇది చదివేవాళ్ళ ఇళ్ళల్లో నాన్న పడుకుంటే పిల్లల్ని ఊరుకోబెడతారు కదా. మా గల్లీలో వేరు. లచ్చవ్వ పెద్దమ్మ మేం ఎక్కడో దూరంగా ఆడుకుంటుంటే పిలిచి మరీ, "ఓ పోరగాండ్లు, గీడ ఆడుండ్రి, మా వాకిట్ల. సప్పుడు లేకుంటే మా ఆయన లేస్తడు" అనేది. సాంచాల మీద పని చేసినవాళ్ళ నిద్ర అట్లాంటిది. శబ్దం ఆగిందంటే సాంచా ఆగిందని, దారం తెగిందని, లేచి చూడాలని వాళ్ళ ఒంట్లో ఎక్కడో రాసిపెట్టి ఉంటుంది.

వారానికోసారి కరెంటు కోత ఉండేది. కార్ఖానాలన్నీ ఒక్కసారిగా బంద్. ఎంత నిశ్శబ్దం వచ్చేదంటే కాకి అరుపు వింతగా వినపడేది. అంతే, గల్లీలో ప్రతి గుమ్మంలోకీ ఒక మగమనిషి లుంగీ సర్దుకుంటూ, తల గోక్కుంటూ వచ్చి నిలబడేవాడు. "కరెంట్ పోయిందా?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. అందరికీ తెలుసు పోయిందని, అయినా అడగాలి. అడిగి, ఎర్రటి కళ్ళతో అక్కడే కూర్చునేవాళ్ళు. ఇంక ఆ రోజుకు నిద్ర ఉండదు. మా అమ్మ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆమెకు కాళ్ళతో తొక్కే కుట్టుమెషిన్ ఒకటి ఉండేది, గల్లీవాళ్ళ జాకెట్లు కుట్టేది. కరెంటు పోయిన రోజున చీరలు పక్కకు జరిపి, మెషిన్ ముందు కూర్చుని, సూదిలో దారం తీసేసి, బట్టను అదిమే పాదం పైకెత్తి, ఖాళీగా తొక్కేది. టకటకటక అని. సాంచా అంత కాకపోయినా, ఆ లయ అదే. బాపు చెయ్యి కుర్చీ కట్టె మీద వదులయ్యేది. ఊరి నుంచి ఒకసారి మా మేనత్త వచ్చింది. సరిగ్గా ఆ రోజే కరెంటు లేదు. కొద్దిసేపు గుమ్మంలో నిలబడి చూసి, భయపడి, "దారం లేదు, బట్ట లేదు, ఏం కుడుతున్నవ్ వదినె?" అంది. అమ్మ తొక్కడం ఆపలేదు. "మీ అన్నకు నిద్ర కుడుతున్న" అంది.

ఆ కుర్చీ ఎట్లా పోయిందో చెప్పడానికి పెద్ద కథ లేదు. కొన్నేళ్ళకు బాపు పగలు పాళీకి మారాడు. గల్లీ చివర రెండు గదుల ఇల్లు చూసుకున్నాం, మంచం కొన్నాం. సామాన్లు మార్చే రోజు బండిలో జాగా చాలలేదు. అప్పటికే కుర్చీ ఒక కాలు ఊగుతోంది. పాత సామాన్ల వాడు అటు పోతుంటే అమ్మ పిలిచి ఇచ్చేసింది. బాపు పనిలో ఉన్నాడు. సాయంత్రం వచ్చి, కుర్చీ ఏది అని అడిగి, విని, సరే అన్నాడు. ఎవరమూ బాధపడలేదు. నేను బడి మానేసి అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంటున్న రోజులవి. తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివాను, ఆపైన చదువంతా ఆ మెషిన్ మీదే. రాత్రి బాపు తిని పడుకోగానే అమ్మ మెషిన్ ముందు కూర్చునేది, జాకెట్లు ఎప్పుడూ ఉండేవి. ఆ కుట్టులో సంపాదన ఉందని మాత్రమే నాకు అర్థమైంది. అందులో ఇంకేదైనా ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన వానాకాలం అమ్మ పోయింది. జ్వరమనే అనుకున్నాం. అప్పటికి మేం సూరత్ చివర్లో ఉన్‌లో సొసైటీ బిల్డింగ్‌లోకి వచ్చేశాం, నాలుగో అంతస్తు, వెనకంతా ఖాళీ పొలం. సాంచాల చప్పుడు అక్కడిదాకా రాదు. అమ్మ మాత్రం అక్కడా రాత్రుళ్ళు జాకెట్లు కుట్టేది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు వెళ్తూ వెళ్తూ నాకూ ప్రవీణ్‌కూ ఒకటే మాట చెప్పారు, బాపును జర నిమ్మళంగ ఉంచుండ్రి, సప్పుడు జెయ్యకుండ్రి, నిద్ర వోనియ్యుండ్రి అని. మేం తు.చ. తప్పకుండా పాటించాం. ప్రవీణ్ మార్కెట్‌లో పార్సిల్ పని చేసి వచ్చి, మెట్ల మీదే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చేవాడు. కుక్కర్ విజిల్ వేసేలోపు నేను స్టవ్ ఆపేసేదాన్ని, అందుకే పప్పు ఎప్పుడూ పలుకుగానే ఉండేది. టీవీలో సీరియల్ పెట్టి మాట బంద్ చేసేదాన్ని, అత్తాకోడళ్ళు నోళ్ళు మాత్రం తెరిచి మూసేవాళ్ళు. అమ్మ మెషిన్ మీద ఆమె చీరే ఒకటి కప్పాం. ఇల్లు గుడిలా ఉండేది. బాపు మాత్రం నిద్రపోయేవాడు కాదు.

మంచం మీద పడుకునేవాడు, కాసేపటికి లేచి గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. కళ్ళు మూతపడగానే ఉలిక్కిపడి లేచి, "కరెంట్ పోయిందా?" అని అడిగేవాడు. ఫ్యాన్ నెత్తి మీద తిరుగుతుంటుంది, బల్బు వెలుగుతుంటుంది, ఈయన కరెంట్ పోయిందా అంటాడు. లేదు బాపూ అంటే అవునా అని మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు, మళ్ళీ అదే. అన్నం తగ్గిపోయింది. బజారుకు పోయి దారి మరిచిపోయి వచ్చాడొకసారి. డాక్టర్ వయసు అన్నాడు, దుఃఖం అన్నాడు, నిద్ర మాత్రలిచ్చాడు. అవి మింగి బాత్రూంలో జారిపడ్డాడు, ఆపేశాం. ఒకరోజు ప్రవీణ్ నన్ను వంటింట్లోకి పిలిచి, గుసగుసగా, "అక్కా, బాపుకు మతి పోతున్నదే" అన్నాడు. చెప్పి వాడే ఏడ్చాడు, అది కూడా చప్పుడు లేకుండా. అమ్మ పోయింది, ఇప్పుడు బాపు కళ్ళముందే కొంచెం కొంచెంగా పోతున్నాడు. మాకు ఉన్న భయం అదొక్కటే.

అందుకే ఆ కుర్చీ బల్ల మీద కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బాపుకు కావలసింది ఇదే, మంచం మీద నిద్ర రానివాడికి దీంట్లో వస్తుంది అనుకున్నాను. మాది కాకపోతే ఏం. పని చేస్తున్నన్నాళ్ళూ అదే ఆలోచన. స్ప్రింగులు దారంతో కట్టేటప్పుడు బాపు బరువు ఊహించుకుని కట్టాను. హేతల్‌బెన్ లేత పెసర రంగు బట్ట తెచ్చింది, కొంచెం గరుకుగా, చేతికి పట్టే నేత. అంచులకు పైపింగ్ నేనే కుట్టాను. అంతా అయ్యాక ధైర్యం చేసి, మా బాపును ఒక్కసారి దీంట్లో కూర్చోబెట్టనా అని ఆమెను అడిగాను. బట్ట వేశాక కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వదు, ముడత పడుతుందని. పైగా దీన్ని కొన్నాయన, వరాఛాలో వజ్రాల కార్ఖానా ఉన్న మనసుఖ్‌భాయ్, తీసుకెళ్ళడానికి రేపే వస్తానన్నాడు. నా ముఖంలో ఏం చూసిందో గానీ, ఆయన వచ్చేలోపు, శుభ్రమైన ప్యాంటుతో, "పాంచ్ మినిట్, బస్" అంది, ఐదు నిమిషాలే, అంతే అని.

బాపును ఒప్పించడం ఇంకో పని. కుర్సీ సూడనీకి ఆల్థాన్ దాకనా, గీడ లేవా కుర్సీలు అన్నాడు. మన సేట్ కుర్సీ అసొంటిదే బాపూ, జర రా అన్నాను. "మనదైతే కాదు గద?" అన్నాడు. కాదన్నాను. తర్వాత లేచి గడ్డం గీసుకున్నాడు.

కార్ఖానాలో ఆయన కుర్చీ ముందుకు రాలేదు, నేరుగా వెనక్కి వెళ్ళాడు. వంగి, బట్ట అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, మడిచి, లోపలివైపు చూశాడు. నేసినవాళ్ళు ఏ బట్టనైనా అట్లాగే చూస్తారు. పోగు మంచిగున్నదన్నాడు. తర్వాత పైపింగ్ మీద వేలితో రాస్తూ, "గీ కుట్టు ఎవలది?" అన్నాడు. నాదేనన్నాను. "మీ అమ్మ కుట్టు లెక్కనే ఉన్నది" అన్నాడు. నేను ఆ మాటకు సిద్ధంగా లేను, అటు తిరిగి సీటు మీద లేని దుమ్ము దులిపాను. చెప్పులు విడిచి జతగా పెట్టి కూర్చున్నాడు. ముందు అంచు మీద, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు. తర్వాత వీపు వాల్చాడు. చేతులు కట్టెల మీదుగా జారి, ఆ అట్లకాడ చివరలు దొరకగానే ఆగాయి. పక్కన పాలిష్ అబ్దుల్‌భాయ్ గీకుడు మెషిన్ గుర్రుమంటోంది, వడ్రంగి మేకులు కొడుతున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి బాపు తల ఎడమ పక్కకు వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

హేతల్‌బెన్ వచ్చి చూసింది. ఐదు నిమిషాలు దాటాయని అంటుందనుకున్నాను. ఆమె మెత్తబడిపోయి, చెయ్యి పైకెత్తి అందరికీ సైగ చేసింది, ఆపండి, ముసలాయన పడుకున్నాడు అని. అబ్దుల్‌భాయ్ మెషిన్ ఆపేశాడు. వడ్రంగి సుత్తి కింద పెట్టేశాడు. అందరూ మర్యాదగా ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. బాపు కనురెప్పలు అదిరాయి. కట్టె మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ బిగుసుకోవడం నేను చిన్నప్పుడు గోడకు అంటుకుని ఎన్నిసార్లు చూశానో. నా కాళ్ళకు ముందు గుర్తొచ్చింది, తలకు తర్వాత. వెళ్ళి నా మెషిన్ ముందు కూర్చున్నాను, సూదిలో దారం లాగేశాను, పాదం పైకెత్తాను, మోటారు వేసి తొక్కాను. హేతల్‌బెన్ ఉరుకుతూ వచ్చి, నీకేమైనా పిచ్చా అన్నట్టు చూస్తూ, గుజరాతీలో "ఊఠీ జశే" అంది, లేచిపోతాడు అని. నేను ఆపలేదు. ఆమె దారం లేని సూదిని చూసింది. బాపు చేతిని చూసింది. అది వదులయింది. ఏం అర్థమైందో, వెళ్ళి అబ్దుల్‌భాయ్ మెషిన్ తనే ఆన్ చేసింది.

మనసుఖ్‌భాయ్ ఆ మోతలోకే వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో వజ్రాలు చూసే అద్దం. కుర్చీల అతుకులు కూడా దాంతోనే చూస్తాడు. తన కుర్చీలో ఎవరో నిద్రపోతుంటే గుమ్మంలో ఆగిపోయాడు. హేతల్‌బెన్ చేతులు పిసుక్కుంటూ ఏదో చెప్పబోయింది. ఆయన వినకుండా కుర్చీ చుట్టూ ఒక చుట్టు నెమ్మదిగా తిరిగాడు. కాళ్ళు చూశాడు, వీపు చూశాడు, జతగా పెట్టిన చెప్పులు చూశాడు, బాపు ముఖం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. అద్దం జేబులోంచి తీయనేలేదు. తర్వాత ప్లాస్టిక్ స్టూలు లాక్కుని నా మెషిన్ పక్కన కూర్చుని టీ అడిగాడు. ఎంతసేపు పడుకుంటారు అని నన్ను అడిగాడు. షిఫ్ట్ దిగేదాకా సేట్ అన్నాను. ఆయన నవ్వలేదు, సరేనన్నట్టు తలూపి టీ తాగాడు.

అన్నాల వేళకు అలవాటు ప్రకారం అబ్దుల్‌భాయ్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. అన్నీ ఒక్కసారిగా ఆగాయి, నా మోటారుతో సహా. బాపు కళ్ళు తెరిచాడు. తేటగా ఉన్నాయి. చుట్టూ చూసి, "కరెంట్ పోయిందా?" అన్నాడు.

ఇంట్లో ఆ మాట విన్నప్పుడల్లా మతి పోతోందనుకున్నాం. ఇక్కడ విన్నాక, ఇన్ని నెలలుగా ఆయన అడుగుతున్నది సరైన ప్రశ్నేనని అర్థమైంది. మతి పోలేదు. ఇల్లు నిశ్శబ్దమైతే ఆయనకు తెలిసిన ఒకే ఒక అర్థం అది. కరెంట్ పోయింది, సాంచాలు ఆగినయి, మెషిన్ ఎందుకు తొక్కుతలేదు ఈమె. మేం చెప్పులు చేత్తో పట్టుకుని, కుక్కర్ నోరు మూసి, ఆయన నిద్రను మా చేతులతోనే చెడగొడుతూ వచ్చాం. అమ్మ రాత్రుళ్ళు ఏం కుట్టిందో కూడా అప్పుడే తెలిసింది. "పోయింది బాపూ, మల్ల వస్తది" అన్నాను.

బాపు మనసుఖ్‌భాయ్‌ని చూసి గబగబా లేచి, దస్తీతో కట్టెల మీద తన చేతి తడి తుడిచాడు. మనసుఖ్‌భాయ్, కుర్చీ ఎట్లా ఉంది కాకా అని హిందీలో అడిగాడు. "అచ్ఛీ హై సేట్. నీంద్ ఆతీ హై" అన్నాడు బాపు, బాగుంది, నిద్రొస్తుంది అని. సీటు మీద చిన్న ముడత పడింది. హేతల్‌బెన్ ఇస్త్రీ ఆవిరి పడతానంటే మనసుఖ్‌భాయ్ వద్దన్నాడు. దుప్పట్లు చుట్టి టెంపోలోకి ఎక్కించారు. ఏసీ గదిలో, లైటు కింద, ఇంకా బోలెడు కుర్చీల మధ్య ఉంటుందట, మేం ఎక్కి కూర్చుని చెరుకు ముక్కలు నమిలిన కుర్చీకి తోడబుట్టింది. బండి మలుపు తిరిగేదాకా చూశాను. అనుకున్నంత బాధ కలగలేదు. అప్పుడు మాకు ఒక గది, పడుకోవడానికి నేల కూడా లేదు, నిద్ర మాత్రం ఉండేది. ఇప్పుడు మంచాలున్నాయి, గదికో తలుపుంది, మూసుకునే కిటికీలున్నాయి. ఆ మోతనంతా వదిలించుకోవాలనే కదా అమ్మ అన్ని చీరల దారాలు కత్తిరించింది. వదిలించుకున్నాక కూడా రాత్రుళ్ళు మెషిన్ దగ్గర కూర్చుని ఆ మోతనే కొంచెం కొంచెం తయారుచేసి పెట్టింది, మాకు చెప్పకుండా. చెప్పాల్సినంత పెద్ద సంగతని ఆమెకు అనిపించి ఉండదు.

మరుసటి రోజు పొద్దున పనికి ఆలస్యంగా వస్తానని హేతల్‌బెన్‌కు ఫోన్ చేశాను. బాపు రాత్రంతా లేచే ఉన్నట్టున్నాడు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అమ్మ మెషిన్ మీది చీర తీసి మడతపెట్టాను. చక్రానికి, తొక్కే పలకకు నూనె వేశాను. వంటింట్లోంచి ప్రవీణ్ మునివేళ్ళ మీద వచ్చి, "ఏం జేస్తున్నవే అక్కా, మెల్లగ, బాపు గిప్పుడే ఒరిగిండు" అన్నాడు. వాడిని అక్కడే కూర్చోమన్నాను. సూది దగ్గర వంగి చూస్తే అందులో దారం ఉంది. వంకాయ రంగు దారం. ఎవరి జాకెట్టో, సగంలో ఆగిపోయింది. అమ్మ నాలుకతో తడిపి, కంటికి దగ్గరగా పట్టుకుని ఎక్కించిన దారం, ఆమె చేతి పనిలో ఆఖరిది. దాన్ని తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. తీశాను. వేలికి చుట్టుకున్నాను. పాదం పైకెత్తి, తొక్కడం మొదలుపెట్టాను.